శుభ్రమైన కాపీ

వినికిడి గదిలోకి వెళ్ళాలంటే కోర్సు కార్డు ఉండాలి. ఆ మాట తలుపు మీదే రాసి ఉంది. నేను కార్డు లేకుండా వెళ్ళిన రోజున గది చూసుకునే పెద్దాయన కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, మా అమ్మాయి క్యాసెట్టు మాత్రం ఇవ్వలేదు.

"ఆ అమ్మాయి నాకూ తెలుసమ్మా. వెళ్ళేటప్పుడు కుర్చీ బల్ల కిందికి నెట్టి వెళ్ళే పిల్ల ఆ బ్యాచిలో అదొక్కతే. కానీ బయటివాళ్ళకి వినిపిస్తే నా ఉద్యోగానికి ఎసరు."

నేను వాదించలేదు. నిబంధన అంటే నిబంధనే అని ముప్పై ఏళ్ళుగా బడిలో పిల్లలకి చెబుతున్నదాన్ని. మెట్లు దిగి, కింద ఆఫీసులో దరఖాస్తు అడిగి తీసుకున్నాను. సోమ, గురువారాల్లో సాయంత్రం ఐదున్నరకి క్లాసు, బడి వదలగానే మా ఊరి నుంచి బస్సెక్కితే అందుతుంది. పేరు వాక్యనిర్మాణం, తొలి పాఠాలు. మా అమ్మాయి పోయిన ఏడాది చదివిన కోర్సు అదే. ఆ పరీక్షలైపోయిన సెలవుల్లో దానికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులే బతికింది.

ఇంట్లో ఫొటోలు ఉన్నాయి. హాస్టలు నుంచి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. మా ఇంట్లో టేప్ రికార్డరు ఎప్పుడూ లేదు. ఐదు నెలలు గడిచేసరికి, అది "అమ్మా" అని పిలిచేటప్పుడు చివర్లో గొంతు పైకి లేపేదో, కిందికి దించేదో నాకు తెలియకుండా పోయింది. ఒకరోజు బడిలో హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయాను. లేపేదనే అనుకున్నాను. మర్నాటికి ఆ నమ్మకమూ లేదు. దాని సామాను సర్దుతుంటే ఒక నోటుపుస్తకం దొరికింది. అందులో నలభై వాక్యాలు, పక్కన టిక్కులూ చుక్కలూ. పైన "అత్తతో రికార్డింగు, ముప్పావు గంట" అని ఉంది. అప్పుడే విశ్వవిద్యాలయానికి బయల్దేరాను. దాని గొంతు ఆ ఊళ్ళో ఒక బీరువాలో ఉందన్నమాట.

క్యాసెట్లు వినే పని ఏడో వారంలో గానీ మొదలవదని, కార్డులూ అప్పుడే ఇస్తారని చేరాక చెప్పారు. అప్పటిదాకా వాక్యాలకి చెట్లు గీయాలి.

ఈ చెట్లు తలకిందులుగా ఉంటాయి. వేరు పైన, కొమ్మలు కింద. పైన వాక్యం అని రాసి, దాన్ని రెండుగా చీల్చి, ఆ రెంటినీ మళ్ళీ చీల్చి, చివరికి ఒక్కో మాట ఒక్కో కొమ్మకి దిగేదాకా వెళ్ళాలి. కర్త, కర్మ, క్రియ చెప్పి రెండు తరాల పిల్లల్ని పై తరగతులకి పంపించాను. ఇక్కడ మొదటి పరీక్షలో నాకు ఇరవై అయిదుకి పదకొండు వచ్చాయి. "మా అన్న కొన్న సైకిలు నిన్న పోయింది" అన్న వాక్యంలో సైకిలుకి కొమ్మ వేశాను, నిన్నకి వేశాను, పోయిందికి వేశాను. అన్నని మరిచిపోయాను. లెక్చరరు గారు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఎర్ర సిరాతో పక్కన "అన్నగారు ఏరీ?" అని రాసింది.

నా పక్క బల్ల ఆయన మా ఊరి పోస్టాఫీసులోనే గుమాస్తా. నలభై దాటాయి. కుర్రాళ్ళందరూ ఆయన్ని బాబాయ్ గారూ అంటారు. నా కాగితం వైపు తొంగి చూశాడు.

"మీ అన్నని ఏ కొమ్మా ఎక్కించలేదండీ టీచర్ గారూ."

"ఎక్కే వయసు కాదు లెండి."

"నాది చూడండి, అన్నని సైకిలు ఎక్కించి పంపించేశాను. తొమ్మిదొచ్చాయి."

వెనక బల్లల మీద పిల్లలు నవ్వారు. వాళ్ళకి నేనెందుకు చేరానో తెలియదు. లెక్చరరు గారికి తెలుసు. ఆవిడ ఒక్కసారి, బోర్డు తుడుస్తూ, "మీకు కష్టమనిపిస్తే చివరి పరీక్ష రాయక్కర్లేదండి" అంది. రాస్తానన్నాను.

ఆ క్లాసులో నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. ఒక వాక్యం తప్పో ఒప్పో చెప్పేది పుస్తకం కాదట, మాట్లాడే మనిషట. దర్జీని అడగాలి, రిక్షా ఆయన్ని అడగాలి, ఇలా అంటారా అని. వాళ్ళు అనం అంటే ఆ వాక్యం ముందు చుక్క పెట్టాలి. నేను పిల్లల నోటు పుస్తకాల్లో ఎన్ని వేల వాక్యాలు కొట్టేశానో. వాటిలో సగం ఇప్పుడు ఒప్పులయ్యాయి. ఆదివారాలు వంటింటి బల్ల దగ్గర కూచుని చెట్లు గీసుకుంటూ, మధ్యమధ్య మా అమ్మాయి నోటుపుస్తకం తెరిచేదాన్ని. అందులో ఎక్కడా కొట్టివేత లేదు. దిద్దుబాటు లేదు. ఆరు వారాలు అలా లెక్కపెట్టుకుని గడిపాను.

ఏడో వారం గురువారం నాడు లెక్చరరు గారు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఇరవై రెండు క్యాసెట్లు. ఒక్కొక్కరు ఒకటి తీసుకెళ్ళి, ఇంట్లోనో పనిచేసే చోటనో ఒకరిని కూచోబెట్టి, నలభై వాక్యాలు అడిగి, వాళ్ళు చెప్పేది రికార్డు చేయాలి.

"టీచర్ గారూ, కాస్త పంచిపెడతారా? నేను నంబర్లు రాసుకుంటాను."

పంచిపెట్టాను. పిల్లల మధ్య నడుస్తూ వస్తువులు పంచడం నాకు అలవాటైన పని. చేతులకి తెలుసు. మూడో నంబరు కళ్ళద్దాల అమ్మాయికి, తొమ్మిదో నంబరు గుమాస్తాకి, ఇరవయ్యోది నాకు.

క్లాసు అవగానే కార్డు పట్టుకుని పైకి వెళ్ళాను. పెద్దాయన కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, బీరువా తెరిచి క్యాసెట్టు తీసి, మూలనున్న యంత్రంలో పెట్టాడు. చెవులకి పెట్టుకునేవి తుడిచి ఇచ్చాడు.

"మొదటి నుంచి ఉంది. నిదానంగా వినండమ్మా."

ముందు కుట్టుమిషను చప్పుడు. అది ఆగింది. తర్వాత దాని మేనత్త, మా వదిన గొంతు.

"ఆఁ, అంటాం."

టక్.

"నేను కుట్టిన జాకెట్టు. అనొచ్చు."

టక్.

"నేను కుట్టిన మిషను. అంటాం, ఎందుకనం."

టక్.

"నేను కుట్టిన మనిషా? మనిషిని కుట్టడానికి నేనేమన్నా డాక్టర్నా?"

టక్.

"ఒసేయ్ పొట్టీ, ఇట్లాంటివి నీకెవరు చెప్తారే? దీనికి డిగ్రీ కూడా ఇస్తారా?"

పొట్టి అన్నది ఆ మేనత్త దానికి పెట్టిన పేరు. నాకంటే అరచెయ్యెత్తు పెరిగినా ఆ పేరు పోలేదు. అది ఇప్పుడు జవాబు చెబుతుంది అనుకున్నాను. ముందుకి వంగి, రెండు చేతులతో చెవుల మీద నొక్కిపెట్టుకున్నాను.

టక్.

"అనం. తప్పు."

చివరిదాకా విన్నాను. ఇరవై రెండు నిమిషాలు. రెండో వైపు తిప్పాను. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ మొదటి వైపు పెట్టాను. మా వదిన నవ్వుతుంది, విసుక్కుంటుంది, దారం తెంపుతుంది, ఎవరితోనో రేపు రమ్మని చెబుతుంది. ఆవిడ ఎవరికి జవాబు చెబుతోందో ఆ మనిషి మాత్రం ఎక్కడా లేదు.

"అడిగినవాళ్ళ గొంతు వినపడటం లేదండి," అన్నాను పెద్దాయనతో.

"వినపడకూడదమ్మా. ఇది శుభ్రం చేసిన కాపీ." ఆయన దగ్గరికొచ్చి రెండు యంత్రాలు చూపించాడు. "ఇందులో అసలుది, ఇందులో ఖాళీది పెట్టి, జవాబులొక్కటే ఆపి ఆపి ఎక్కిస్తారు. చెప్పినవాళ్ళ మాట ఒక్కటీ పోకూడదు, అడిగినవాళ్ళది ఒక్కటీ మిగలకూడదు. అడిగేవాళ్ళ గొంతు వింటే, అది ఎటు మొగ్గితే వినేవాళ్ళూ అటే మొగ్గుతారట. మీకు తొమ్మిదో వారంలో చెప్తారు. అందరూ ఆదరాబాదరాగా చేస్తారు. వాళ్ళ దగ్గులు, వాళ్ళ నవ్వులు అన్నీ ఉంటాయి. మీ అమ్మాయి ఆరు సాయంత్రాలు కూచుని చేసింది. ఊపిరి కూడా మిగల్చలేదు. అందుకే మేడమ్ దీన్ని అందరికీ చూపించడానికి ఉంచింది."

అది ఒకటో తరగతిలో ఉండగా రాత పేజీలో ఒక్క తప్పుంటే పేజీ అంతా మళ్ళీ రాయించేదాన్ని. కొట్టివేత ఉన్న పేజీ ఎవరికీ చూపించకూడదనేదాన్ని. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

"అసలుది ఎక్కడుందండి?"

"అసలువి మళ్ళీ వాడేస్తామమ్మా. కొత్త క్యాసెట్లు అడిగితే ఇవ్వరు." ఆయన రిజిస్టరు తీసి వేలు పెట్టి వెతికాడు. "తొమ్మిదో నంబరు. పెట్టెలోనే ఉండాలి. లేదు, ఇవాళ కింద క్లాసులో ఇచ్చేశారు కదూ."

నేను కిందికి వచ్చేసరికి క్లాసు గదికి తాళం వేసి ఉంది.

శుక్రవారం బడి మధ్యాహ్నం విరామంలో పోస్టాఫీసుకి వెళ్ళాను. గుమాస్తా రెండో కిటికీలో ఉన్నాడు. వరసలో ఎనిమిది మంది. నేను తొమ్మిదో దాన్నయి నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీరా టీచర్ గారూ. ఏం కావాలి, కవర్లా?"

"మీ క్యాసెట్టు. రికార్డు చేశారా?"

"నిన్న ఇంటికెళ్ళగానే చేసేశానండి. మా అత్తగారితో. ఆవిడ మొదలుపెడితే టేపు ఆగాలి గానీ ఆవిడ ఆగదు. నలభై వాక్యాలు అడగమన్నారా, పన్నెండోదానికే వాళ్ళ ఆడపడుచు కథ ఎత్తుకుంది. రెండు వైపులా నిండిపోయింది. క్లాసులో ఎవరిదీ ఇంత ఉండదు."

వెనక ఒకాయన రిజిస్టరు ఉత్తరంతో కిటికీ అంచు మీద తడుతున్నాడు.

"అది ఒకసారి వినాలండి. దాని మీద ఇంతకుముందు మా అమ్మాయి గొంతు ఉంది. మా అమ్మాయి ఇప్పుడు లేదు."

ఆయన నా వైపు చూశాడు. కిటికీ పలక దించేశాడు. వరసలో ఎవరో "ఇప్పుడేంటయ్యా" అన్నారు. పక్క తలుపు తెరిచి నన్ను లోపలికి పిలిచాడు. ఉత్తరాలు విడదీసే గది అది. గోడల నిండా చిన్న చిన్న అరలు, ఒక్కో వీధికి ఒకటి. అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు ఆయన సంచిలోనే ఉంది, ఆ సాయంత్రం తిరిగి ఇచ్చేద్దామని తెచ్చాడు.

మొదటి వైపు చివరికి తిప్పి పెట్టాడు. వాళ్ళ అత్తగారు "అప్పుడు నేనన్నానూ" అంటుండగా మాట మధ్యలో టేపు అయిపోయింది. రెండో వైపు చివరికి తిప్పాడు. అక్కడా ఆవిడే. అయితే కాసేపటికి గుమాస్తా గొంతు "ఇంక చాలు లెండత్తయ్యా, పడుకోండి" అంది. మీట నొక్కిన చప్పుడు. తర్వాత వేరే రకం నిశ్శబ్దం. టేపు ఇంకా తిరుగుతోంది.

"ఉంది," అన్నాడు ఆయన. "ఇక్కడ నేను చేయలేదు. ఇది పాతది."

ఇద్దరం వంగి విన్నాం. సన్నటి ఇసుక రాలుతున్నట్టు చప్పుడు. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు కొట్టారు. ఆయన వెళ్ళలేదు. నేను టేపు చక్రం వైపే చూస్తూ నిలబడ్డాను. ఒక చోట చిన్న చప్పుడు అయింది. ఆయన చటుక్కున టేపు శబ్దం పెంచాడు. అది టేపు మీది మరక చేసిన చప్పుడు. మా అమ్మాయి రికార్డింగు ఆ చివరిదాకా వచ్చి ఉండదు. రెండు నిమిషాలు అలా తిరిగి టేపు ఆగింది.

ఆయన మళ్ళీ వెనక్కి తిప్పబోయాడు. వద్దన్నాను.

"నాకు ఒక్క మాట తెలిసుంటేనండీ..." అని కళ్ళు తుడుచుకున్నాడు. "దిక్కుమాలిన కబుర్లు. రెండు వైపులా."

"మీ తప్పేముందండి. మీ చేతికి ఇచ్చింది నేనే."

మంచినీళ్ళు తాగమన్నాడు. తాగాను. బడి గంటకి ఇంకా పావుగంట ఉంది. ఆయన తిరిగి కిటికీ పలక ఎత్తాడు. నేను వరస పక్కనుంచి నడిచి బయటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం ఏడో తరగతికి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. పిల్లలు అల్లరి చేయలేదు.

వదినకి చెప్పకుండా ఉండాలనుకున్నాను. మా ఆయనకి పెద్దక్క ఆవిడ. మా ఆయన పోయాక, తొమ్మిదేళ్ళుగా, నాకూ పిల్లకీ ఉన్న బంధువంటే ఆవిడే. రెండు వీధుల అవతల ఆవిడ కుట్టు దుకాణం. జ్వరం రోజుల తర్వాత మేమిద్దరం పిల్ల గురించి మాట్లాడుకోలేదు. ఆవిడ నా జాకెట్లు కుడుతుంది, నేను ఆవిడకి కరెంటు ఆఫీసు కాగితాలు రాసిపెడతాను. శనివారం వెళ్ళేసరికి మిషను ముందు కూచుని సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది. నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను.

"ఏంటి టీచరమ్మా, ముఖం అట్లా ఉంది? మళ్ళీ తప్పావా పరీక్ష?"

"ఇంకా తప్పలేదు వదినా."

"మరి?"

చెప్పేశాను. ఆవిడ తొక్కడం ఆపకుండానే వింది. ఒక కుట్టు పూర్తయ్యాక దారం పంటితో తెంపింది.

"నా గొంతు ఉందా అందులో?"

"ఉంది."

"మొత్తం ఉందా?"

"మీరు దారం తెంపింది కూడా ఉంది."

"దానిదేమో లేదు."

"లేదు."

ఆవిడ బట్ట మడిచి పక్కన పెట్టింది. "నేను వింటాను. నాకు కార్డు కావాలంటారేమో, కనుక్కో."

సోమవారం పెద్దాయన్ని అడిగాను. మాట్లాడిన మనిషి తన మాట తాను వినడానికి కార్డెందుకమ్మా అన్నాడు. అప్పటికప్పుడు ఇంకో జత చెవులకి పెట్టుకునేవి తెచ్చి ఆ యంత్రానికే తగిలించాడు. క్లాసు అయ్యాక వదిన వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, జడకి కొత్త రిబ్బను పెట్టుకుని వచ్చింది. మెట్లు ఎక్కుతూ, "ఇక్కడేనా అది కూచునేది" అని రెండుసార్లు అడిగింది.

నేను నోటుపుస్తకం బల్ల మీద తెరిచి పెట్టాను. నలభై వాక్యాలు వరసగా ఉన్నాయి. నా ఆలోచన ఏమిటంటే, వదిన ఒక్కో జవాబు చెప్పేముందు ఆ ప్రశ్న నేను చదువుతాను. అడిగిన మాటలు దానివే కదా, నా గొంతుతోనైనా వాటిని వాటి చోట పెడదామని. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిగా ఉంటుందని తెలుసు.

టేపు మొదలైంది. మిషను చప్పుడు ఆగింది. నేను చదవడం మొదలుపెట్టాను.

"అత్తా, అత్త కుట్టిన..."

"ఆఁ, అంటాం," అంది టేపు.

ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టాను. ఈసారి తొందరగా చదివాను. సగం వాక్యానికే జవాబు వచ్చేసింది. మూడోసారి ముందే మొదలుపెట్టాను. అప్పుడు నా మాట మిషను చప్పుడులో కలిసిపోయింది, రెండో జవాబు దగ్గర మళ్ళీ వెనకబడ్డాను. రెండు జవాబుల మధ్య మా అమ్మాయి ఒక్క క్షణం ఖాళీ కూడా ఉంచలేదు. అంచుకి అంచు కలిపి అతికించింది. అక్కడ ఒక్క మాట పట్టే చోటు లేదు. అయినా అయిదు వాక్యాల దాకా ప్రయత్నించాను. పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

వదిన చెయ్యి చాపి నోటుపుస్తకం మూసేసింది.

"నువ్వు చదవకు. విననీ."

టేపు మళ్ళీ మొదటికి తిప్పి విన్నాం. మనిషిని కుట్టడం దగ్గర వదిన టేపులో నవ్వింది. బల్ల దగ్గరున్న వదిన నవ్వలేదు. పొట్టీ అని పిలిచినచోట ముందుకి వంగింది, నేను మొదటిరోజు వంగినట్టే. టక్ అని తర్వాతి జవాబు వచ్చింది. అలాగే వంగి కూచుంది.

"ఇక్కడ అదేమందే?" అంది నాతో. టేపు వెళుతూనే ఉంది.

"మీకు గుర్తు లేదా?"

"ఏదో అంది. నాకు నవ్వొచ్చింది కూడాను. ఏమందో..." ఆవిడ నుదురు పట్టుకుంది. "డిగ్రీ ఇస్తారా అంటే ఏమంటుంది అది? ఏదో ఒకటి అనకుండా ఉండదు కదా. నా ఎదురుగుండా కూచునే కదా అంది."

టేపు చివరికొచ్చి ఆగింది. వదిన చెవులకి ఉన్నవి తీయలేదు. పెద్దాయన వచ్చి మెల్లగా క్యాసెట్టు బయటికి తీశాడు.

"ఇది కూడా చెరిపేస్తారా?" అంది వదిన ఆయనతో. చెవులు మూసి ఉన్నాయి కదా, గట్టిగా అడిగింది.

"లేదమ్మా. ఇది నమూనా. ఇది ఎప్పటికీ ఉంటుంది. వచ్చే ఏడు పిల్లలు కూడా ఇదే వింటారు."

ఆయన అది ఓదార్పుగానే చెప్పాడు. వదిన పెదాల కదలిక చూసి అర్థం చేసుకుందో, వినపడిందో తెలియదు.

"నన్ను ఉంచుకుని ఏం చేసుకుంటారయ్యా," అంది.

ఆయన క్యాసెట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గది మూసే వేళయింది. నేను లేచి, వదిన చెవుల మీంచి అవి తీసి, తీగ చుట్టి బల్ల మీద పెట్టాను. చెయ్యి పట్టుకుని లేపాను. మెట్ల దగ్గర ఆవిడ ఆగి, ఇంకోసారి పెట్టించమని అడిగింది. వచ్చే గురువారం పెట్టిస్తానన్నాను.